నలుగురేసి పాడిన కీర్తన

మా లూథరన్ బడిని సర్కారు తీసేసుకునే నాటికి నేనింకా పుట్టలేదు. అయినా ఏటా అక్టోబరు చివర, లూథరు పేరిట చేసుకునే సంస్కరణ పండగనాడు, రంగూన్ బోటాటౌంగ్‌లోని మా చర్చి నుంచి ఆ బడి గేటు దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. అక్కడ నిలబడి బడి కీర్తన నాలుగు చరణాలూ తెలుగులో పాడేవాళ్ళం. గేటు మాది కాదు, లోపల పాఠం మాది కాదు. బయటి దేశాల నుంచి మిషనరీలూ పుస్తకాలూ రావడం ఆగిపోయాక మాకంటూ మిగిలింది ఆ నడకే.

నడిపించేది మా పెద్దమ్మ. ఒకప్పుడు ఆ బడిలోనే టీచరు. ఆమె పట్టు పట్టిందంటే పాస్టరుగారు కూడా నోరెత్తేవారు కాదు.

సర్కారు మీద రంగూన్ తిరగబడిన ఏడు సైన్యం వీధుల్లోకి దిగింది. ఐదుగురు కూడితే నేరమన్నారు. ఈసారికి చర్చిలోనే ప్రార్థన చేసుకుందామని పెద్దలు తీర్మానించారు. ఒక్క ఏడు ఆగితే మళ్ళీ మొదలవదని పెద్దమ్మ భయం. ఆమెకు భయం కూడా కోపంలాగే వచ్చేది.

"ఏటి, నలుగురు నడిస్తే తప్పని రాసీసినారా?" అంది. "నలుగురేసి ఎల్దాం. గుంపుకో చరణం."

పెద్దలు నడకకు రామన్నారు కాబట్టి పాడే పని పడుచువాళ్ళ మీద పడింది. అంతకుముందు పెద్దల గొంతుల వెనక గొణిగి నెట్టుకొచ్చిన మేం, తెలుగు చదవడం రాక చరణాల్ని బర్మా అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టాం. నా గుంపుది మూడో చరణం. గేటు దగ్గర సైనికులు తుపాకులతో ఉన్నారు. నడక ఆపకుండా ఎలాగో పాడేసి, మలుపులో నిలబడి వెనక్కి చూశాం.

నాలుగో గుంపును ఇంట్లోవాళ్ళు గడప దాటనివ్వలేదట. పెద్దమ్మ ఒక్కతే వస్తోంది. ఒక సైనికుడు అడ్డొచ్చి ఏం చేస్తున్నావని గద్దించాడు. నేనొక్కదాన్నే కదా నాయనా, ఒక్కరు గుంపెలా అవుతారని బర్మాలో అడిగింది. గేటుకేసి తిరిగి నాలుగో చరణం ఆఖరి ముక్క దాకా పాడింది. అతను దారిచ్చాడు. ఆమె మా దగ్గరికి వచ్చి చేరేదాకా మేం మలుపులోంచి కదల్లేదు.

ఆ తర్వాత రోజులు మెత్తబడినా మేం నలుగురేసే నడిచాం. ఆఖరి చరణానికి మాత్రం ఒక్కరే వెళ్ళాలి. పెద్దమ్మ బతికినంత కాలం ఆమే వెళ్ళింది, తర్వాత ఆమె శిష్యురాలొకరు. ఆ శిష్యురాలు కూడా మొన్న వానాకాలంలో పోయింది.

ఈ ఏడు వీధుల్లో మళ్ళీ సైనికులున్నారు. ఆఖరి చరణం ఎవరిదని చర్చిలో అడిగారు.

నాది అన్నాను.