గాల్లో ఆగిన కారు

అత్తిమంజేరిపేటలో మాది మగ్గం నేసే ఇల్లు. ఊరి చివర డేరా టాకీస్‌లో నేనూ మా అవ్వా ఒక కారు పందేల సినిమా చూశాం. వీధుల్లో కారు పందేలకు దిగే హీరో విరిగిన వంతెన మీంచి కారును ఎగిరించాడు. కారు గాల్లో ఉండగానే 'మిగతాది రెండో భాగంలో' అని సినిమా ఆపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ మాత్రం చిరిగిన టికెట్టు ముక్కను కొంగున ముడేసుకుంది.

మరుసటేడు అదే డేరాకు రెండో భాగం వచ్చింది. అవ్వ గేటు దగ్గర ఆ పాత ముక్కే చూపించింది.

"అవ్వా, ఇది వేరే పడం. కొత్త టికెట్టు తీసుకోవల్ల," అన్నాడు గేటు మనిషి. మా వైపు సినిమాను పడం అంటారు.

"కారును గాల్లో నిలబెట్టి మమ్మల్ని ఇంటికి పంపిస్తిరి. సగం చీర కోసిచ్చి, మిగతాది వేరే చీర అంటే నువ్వు ఒప్పుకుంటావా?"

అవ్వ దారికి అడ్డంగా కూర్చుంది. నేనూ పక్కనే చతికిలబడ్డాను. వెనక జనం కేకలు పెట్టేసరికి అతనే మమ్మల్ని లోపలికి పంపాడు.

సినిమా మొదలైంది. కారు అవతలి గట్టున క్షేమంగా దిగింది. డేరా అంతా ఈలలు. అవ్వ లేచి చీర దులుపుకుంది.

"లెయ్ మే, పోదాం. ఇంక ఆడేది వేరే పడం. దానికి మన దగ్గర టికెట్టు లేదు."