సున్నాల మంగళవారం

మొన్న శనివారం నిండు హాల్లో నా ఎర్ర పెన్నే నా పరువు తీసింది. నవ్వకుండా వినండి. పోనీ నవ్వండి, నాకే ఇంకా ఏడుపు ఆగలేదు.

మా దిల్‌సుఖ్‌నగర్ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెప్తానని తెలుసుగా. డిగ్రీ పిల్లల చేత రీసెర్చ్ చేయించాలని ఈ ఏడు మా ప్రిన్సిపాల్‌గారికి బుద్ధి పుట్టింది. లెక్చరర్‌కి ఒకరు చొప్పున అంటగట్టారు. నా వంతుకి స్వప్న వచ్చింది. నల్గొండ వైపు పల్లె, ఉండేది చైతన్యపురి హాస్టల్లో. మాట తక్కువ, పని ఎక్కువ. వారం రోజులు పొద్దున ఎనిమిది నుంచి పదింటి దాకా దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడి బస్సులు లెక్కపెట్టాలి, అదీ ప్రాజెక్టు. తర్వాత యూనివర్సిటీలో పోటీ. గెలిస్తే ఎండాకాలం రెండు నెలలు అక్కడి ప్రొఫెసర్ దగ్గర ట్రైనింగ్. "ఇది ఒస్తే మా నాయిన పీజీకి పంపుతా అన్నడు మేడం" అని నాతో రెండుసార్లు చెప్పింది. పాపం, ఆశంతా దానిమీదే.

వారం అయ్యాక షీట్లు తెచ్చింది. తిరగేస్తే మంగళవారం కింద అన్నీ సున్నాలే. రెండు గంటల్లో దిల్‌సుఖ్‌నగర్‌కి ఒక్క బస్సూ రాలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ రోజు మేడం..." అని నోరు తెరిచింది. నేను చెప్పనిస్తేగా. రీసెర్చ్ అంటే నిజాయితీ అని అరగంట క్లాసు పీకాను. ఎర్ర పెన్ను తీసి షీటు మీద అడ్డంగా రాశాను: ‘ఇంట్లో కూర్చుని రాసిన లెక్కలు. మిగతా రోజుల సగటు వేసుకో.’ కింద సంతకం, తేదీ. స్టాంపు కూడా గుద్దాను, అంత శ్రద్ధ నాది. ఆ పిల్ల తల వంచుకుని సరే మేడం అని వెళ్ళిపోయింది.

పోటీ రోజు స్వప్న బాగానే చెప్పింది. నేను ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్నాను. జడ్జీ పెద్దాయన గ్రాఫు వంక చూసి, "మంగళారం గిన్ని బస్సులా? ఆ రోజు బంద్ కదమ్మా. నేను పెద్ద అంబర్‌పేట్ నుంచి ఎల్బీనగర్ దాక నడిసొచ్చిన. ఒక్క బస్సన్న కానరాలె" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. ఏం చెయ్యను, ఈ తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ లేని వారం ఉందా? ఏ బంద్ ఏ రోజో ఎవరికి గుర్తుంటుంది?

స్వప్న నావంక చూసింది. కాలేజీ పరువు పోతోందని నేనే లేచాను. మా దగ్గర అన్నీ పద్ధతి ప్రకారం సార్, ఒరిజినల్ షీట్లున్నాయి, అన్నాను. ఎర్ర పెన్ను సంగతి గుర్తుంటే కదా. మంగళవారం షీటు తియ్యమంటే ఆ పిల్ల మెల్లగా "వద్దు మేడం" అంది. కళ్ళతో కూడా బతిమాలింది. తియ్యమంటుంటే నీక్కాదూ అని గదమాయించాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని మైకులోనే చదివారు. మొదట నా ఎర్ర రాత. తర్వాత స్టాంపులోని నా పేరు. ఆ తర్వాత చివర రిమార్క్స్ గడిలో స్వప్న సన్నటి రాత: ‘బంద్. బస్సులు లేవు. పది దాక నిలబడి చూసిన.’ రిమార్క్స్ చదవకుండా డేటా ముట్టుకోవద్దని ఏటా క్లాసులో చెప్పేది నేనే.

మరి మేడంకి చెప్పలేదేమని అడిగారాయన. "మేడం వాళ్ళది గుంటూరు సార్. బంద్ మాటెత్తితే లొల్లి పెట్టుకున్నట్టు అయితదేమోనని..." అని ఆగింది. హాలంతా నవ్వారు. నాకు మాత్రం నిజంగా సిగ్గేసింది. అంత భయపెట్టానా నేను ఆ పిల్లని?

ఆయన నావైపు తిరిగారు. "ఆ రోజు మీరెక్కడున్నరు మేడం?"

కాలేజీ మూసేశారు కదా, ఎల్బీనగర్‌లో మా ఇంట్లో పునుగులు వేసుకుని తింటున్నాను. ఆ వివరం మింగేశాను.

"ఇంట్లో కూర్చున్నాను సార్" అన్నాను.

ట్రైనింగ్ స్వప్నకే వచ్చింది. ఒక్క బస్సూ రాని రోడ్డు మీద రెండు గంటలు నిలబడి లెక్క రాసిన మనిషే కావాలట వాళ్ళకి. నిన్న గైడ్ సంతకం కోసం ఫారం తెచ్చింది. నీలం పెన్ను కూడా తనే తెచ్చుకుంది.

"కింద రిమార్క్స్ ఉన్నయ్ మేడం, జర చదివి పెట్టండి" అంది.

రెండుసార్లు చదివాను.