పగటినిద్రకు కాపలా

"నిన్న మనం ఎక్కడ ఆగామంటే మేడమ్, నాలుగంగుళాల పరుపు దగ్గర. ఇవాళ ఆరంగుళాలది చెప్తాను. దానిమీద పడుకుంటే పక్కన పిడుగు పడ్డా మెలకువ రాదండీ."

"మనం ఆగలేదు నాయనా, నేను ఫోను పెట్టేశాను," అంది కాజాలక్క. "వద్దని ఇంకెన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఏ సైజు వద్దండీ?"

"నీ తలకాయంత సైజు! పెట్టెయ్ ఫోను!"

ఇదంతా ఆమె గుసగుసగానే అంది. గుసగుసగా తిట్టడమంటే మాటలు కాదు. కడుపులోంచి బయల్దేరిన కోపం గొంతు దాకా వచ్చి, సందులో ఇరుక్కున్న ఎద్దులా ముందుకూ పోదు, వెనక్కూ రాదు. ముఖం ఎర్రబడుతుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, తీరా నోట్లోంచి వచ్చేది చూస్తే పొయ్యి ఊదుకున్నంత చప్పుడు. ఏం చేస్తుంది మరి? తలుపు అవతల మొగుడు నిద్రపోతున్నాడు.

ఆయన రాత్రి బస్సు డ్రైవరు. సాయంత్రం ఏడింటికి డిపోలో బండెక్కితే మర్నాడు ఎనిమిదింటికి ఇల్లు చేరతాడు. తొమ్మిదికి పడుకుంటే నాలుగింటి దాకా లేవకూడదు. లోకమంతా గోలగోలగా ఉండే వేళ ఆయనకి నడిజాము. అందుకే ఆ రెండు గదుల ఇంట్లో తొమ్మిది కొట్టిందంటే కుట్టుమిషను మీద గుడ్డ కప్పేయాల్సిందే. చొక్కాల దుకాణాలకి కాజాలు కుట్టివ్వడం ఆమె పని. వీధిలో ఆమెకి ఆ పేరు అందువల్లే వచ్చింది. మిషను పని సాయంత్రానికి వాయిదా వేసి, పగలంతా చేతి సూదితోనే లాక్కొస్తుంది. కుక్కరు కూతలన్నీ ఎనిమిదిన్నరలోపే అయిపోవాలి. తలుపు బందులకి వారం వారం నూనె పడాలి. ఎదురింటావిడ కూడా ఆమెతో మాట్లాడాలంటే చేతులు తిప్పుతూ మూగసైగలే చేస్తుంది.

అందరూ మాట విన్నారు. ఫోనొక్కటే వినలేదు.

వైరు పీకి పారెయ్యొచ్చు కదా అంటారు. పీకింది కూడా. పోయిన నెల ఓ మంగళవారం పీకితే, ఆ రోజే డిపోవాళ్ళు డ్యూటీ మార్చారు. సెల్లు ఆపేసి పడుకుంటాడని తెలిసి వాళ్ళు ఇంటి ఫోనుకే చేస్తారు. మూడుసార్లు చేసి, ఎవరూ ఎత్తలేదని గైరుహాజరు వేసేశారు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో మొదటి మచ్చ. ఇంకొకటి పడితే రూటు మీంచి తీసి షెడ్డులో వేస్తారట. అప్పట్నుంచి ఆమె పని అడకత్తెరలో పోకచెక్కయింది. గంట తగ్గించే మీట ఏనాడో విరిగింది. దుప్పటి చుట్టి చూసింది. దుప్పట్లోంచి కూడా అది గొంతు నొక్కిన కోడిలా కుయ్యోమంటూనే ఉంది.

సరే, నిద్రే కదా, కాస్త తగ్గితే ఏమవుతుంది అనుకునేవాళ్ళూ ఉంటారు. పది రోజుల కిందట ఏమైందో ఆయన ఆమెకొక్కదానికే చెప్పాడు. తెల్లవారుజామున, తిన్నటి రోడ్డు మీద, రెప్పపాటు. అంతే. ఎడం చక్రాలు అంచు దిగి కంకర మీద గరగరలాడితే కండక్టరు వెనకనుంచి గావుకేక పెట్టాడు. బండిలో నలభై రెండు మంది. అందరూ నిద్రలో ఉన్నారు. ఒక్కళ్ళకీ తెలియదు.

"వాళ్ళు నన్ను నమ్ముకునే కదే పడుకునేది," అన్నాడు ఆయన. అన్నం కలిపి, తినకుండా చేయి కడుక్కున్నాడు.

అప్పట్నుంచి ఆమెకి ఫోను మోగితే చాలు, చెవిలో కంకర మోగుతుంది.

పరుపులవాళ్ళు మాత్రం ఆగలేదు. అమ్మేది హాయి నిద్ర, చేసేది నిద్రచేటు! ఆ మాట తల్చుకుంటేనే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కేది. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు. బతిమాలింది, బెదిరించింది, "పోలీసులకి చెప్తా" అంది, "మా ఇంట్లో అందరం నేలమీదే పడుకుంటాం" అని అబద్ధం కూడా ఆడింది. ఒక నంబరు రాకుండా ఆపితే ఇంకో నంబరు. ఒకడు పోతే ఇంకొకడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

ఒక సంగతి మాత్రం ఆమె కనిపెట్టింది. ఆ ఫోన్లు ఎప్పుడు పడితే అప్పుడు రావు. తొమ్మిదీ నలభై. పదకొండున్నర. ఒంటిగంటా పది. ఠంచనుగా, బస్సులొచ్చినట్టే వస్తాయి.

ఆ శుక్రవారం పదకొండున్నరకి మొదటి గంట పూర్తిగా మోగకుండానే ఎత్తింది. ఈసారి ఆడగొంతు. కాజాలక్క ఇక ముందూ వెనకా చూసుకోలేదు. నోట్లో ఊపిరి ఉన్నంతసేపూ గుసగుసగా దులిపేసింది. సిగ్గుందా అంది, ఇంట్లో మనుషులు లేరా అంది, నీ పరుపు మీద ముళ్ళు మొలవా అంది. అవతలి మనిషి ఓపిగ్గా అంతా విని, తనూ గొంతు తగ్గించింది.

"అక్కా, నా మీద అరిచి ఏం లాభం? చేయమన్నది మీరే."

"మేమా?"

"మీ నంబరు ఎదురుగా రాసుంది. 'మళ్ళీ చేయమన్నారు' అని. టైముతో సహా. ఇప్పటికి ముప్పై ఏడుసార్లు రాసుంది. అలా రాసున్న నంబరుకి చేయకపోతే మా సూపర్‌వైజరు మమ్మల్ని తింటాడు."

"ఎవరు చెప్పారు చేయమని?"

"ఎవరో పెద్దాయన. చాలా మర్యాదస్తులక్కా."

కాజాలక్క ఫోను పెట్టి, వరండా వైపు తిరిగింది. వరండాలో మామగారు కుర్చీలో కూర్చుని, ఆమె కుట్టిన చొక్కాలకి దారప్పోగులు తుంచుతున్నాడు. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చున్న మనిషి. ఫలానా బస్సు ఎప్పుడని అడిగినవాళ్ళకి పోయిందని చెప్పి ఊరుకోవడం ఆయన ఎరగడు. తర్వాతది ఎప్పుడో కూడా చెప్పి పంపేవాడు. దానికి ఆయనకి మెచ్చుకోలు కాగితం కూడా ఇచ్చారు.

"మామయ్యా, నేను దుకాణానికి చొక్కాలివ్వడానికి వెళ్ళినప్పుడు ఫోనొస్తే ఏం చెప్తున్నారు?"

"ఏముందమ్మా, మొదటి గంటకే ఎత్తేస్తాను, అబ్బాయి లేవకుండా. మా కోడలు లేదు, పదకొండున్నరకి ఉంటుంది, అప్పుడు చేయండి అంటాను. పదకొండున్నర కుదరదంటే ఒంటిగంటా పది."

ఆ ముఖంలో గర్వం చూసి ఆమెకి ఒళ్ళు మండింది. కంచే చేను మేసిందంటే ఇదే.

"వాళ్ళు పరుపులమ్మేవాళ్ళు మామయ్యా! మనకి వద్దని చెప్పి పెట్టేయొచ్చుగా?"

"అడిగినవాణ్ని ఉత్త చేతుల్తో ఎలా పంపుతామమ్మా?"

"మీ మర్యాదకి మీ అబ్బాయి బస్సు కంకరలోకి దిగింది!"

అనకూడదనుకున్న మాట అనేసింది. పెద్దాయన చేతిలో దారప్పోగు అలాగే ఉండిపోయింది. కంకర సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చొక్కా పక్కన పెట్టి లేచాడు.

"నంబరివ్వు. నేనే చెప్తాను."

చెప్పాడు కూడా. "నమస్కారమండీ, మాకు పరుపు వద్దు. ఇక చేయకండి" అనేసరికి ఆయన నుదుటి మీద చెమట. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన నోట ఆ మాట రాలేదు మరి. అవతల ఇద్దరు మారి, చివరికి సూపర్‌వైజరు వచ్చాడు. పెద్దాయన కళ్ళు చిట్లించి విని, రిసీవరు కోడలి చేతికిచ్చాడు.

"ఏదో రూలంటాడమ్మా. నువ్వే విను."

"చెప్పండి," అంది ఆమె గుసగుసగా.

"మేడమ్, మీరు కొంచెం గట్టిగా మాట్లాడాలి."

"కుదరదు. నంబరు తీసెయ్యండి."

"తప్పకుండా తీసేస్తాం మేడమ్. కానీ ఫోను ఎవరి పేరున ఉందో వాళ్ళే చెప్పాలి. మా దగ్గర డ్రైవరుగారి పేరుంది. ఒక్కసారి ఇవ్వండి."

"ఆయన పడుకున్నారు."

"లేపండి మేడమ్. ఒక్క నిమిషం పని."

"ఏమిటీ?"

"లేపండి అంటున్నా. నిద్దర్దేముంది, మళ్ళీ పడుకుంటారు."

పుండు మీద కారం కాదు, ఏకంగా నిప్పులే పోశాడు. ఇరుకుసందు కాస్తా బద్దలైంది. నెల రోజులుగా గొంతులో కుక్కుకున్నదంతా ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది.

"నిద్దర్దేముందా! నలభై రెండు మంది ప్రాణాలున్నాయిరా అందులో! నీ ఇంట్లోవాళ్ళు కూడా ఎక్కుతారేమోరా ఆ బస్సు! లేపమంటావా? ఆయన్ని లేపి, నీ పరుపుల కొట్టుకి తాళం వేయించి, ఆ పరుపులన్నీ నీ నెత్తినే మోయిస్తా! తీస్తావా తియ్యవా నంబరు!"

ఎదురింటావిడ కిటికీ తెరుచుకుంది. వీధిలో పోతున్న సైకిలాగింది. ఆ ఇంట్లోంచి పగటిపూట మనిషి గొంతు వినపడి ఎన్నేళ్ళయిందో!

తలుపు తెరుచుకుంది. డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు చింతనిప్పులు. గడియారంలో పన్నెండు కూడా కాలేదు.

ఆయన ఆమె చేతిలోంచి రిసీవరు తీసుకుని, తన పేరు చెప్పి, "తీసెయ్యండి" అని మూడుసార్లన్నాడు. అవతల టకటకా ఏదో కొట్టారు. తీసేశామన్నారు. సారీ సర్ అన్నారు. నిజంగానే ఒంటిగంటా పదికి ఫోను మోగలేదు.

కానీ అప్పటికి చెదిరిన నిద్ర చెదిరినట్టే ఉంది. పాపం పడుకున్నాడు, దొర్లాడు, దిండు తిరగేశాడు, చెవుల్లో దూది పెట్టుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తూ కాజాలక్క పళ్ళు నూరుకుంది. సూపర్‌వైజరు మీద ఉన్న కోపం ఇప్పుడు తన గొంతు మీదికి తిరిగింది. నెల రోజులు పిల్లిలా కాపలా కాసి, చివరికి తనే పులిలా గాండ్రించి లేపింది. మూడున్నరకి ఆయన లేచి ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు. కుళాయి పారుతూనే ఉంది. వెళ్ళి చూస్తే, నుదురు గోడకానించి నిలబడే ఉన్నాడు.

"ఏమండీ!"

"ఆఁ. వస్తున్నా. యూనిఫాం ఉతికావా?"

"ఉతికి ఇస్త్రీ చేశాను."

తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. "యూనిఫాం ఉతికావా?" అన్నాడు.

మామాకోడళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇవాళ వెళ్ళకండి," అంది కాజాలక్క.

"నీకేమైనా పిచ్చా? రెండో మచ్చ పడుతుంది. షెడ్డులో వేస్తారు. మూడు నెలలు బస్సుల్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చోవాలి. అందరూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. షెడ్డులో రెప్ప వాలితే గోడకి తగులుతుంది. గోడకి పిల్లలుండరు."

"నాకేం కాదంటున్నాగా!"

"పది రోజుల కిందట కూడా మీకేం కాలేదు."

ఆయన గ్లాసు ఠక్కున పెట్టాడు. "చూడు, నువ్వు డిపోకి ఫోను చేశావంటే నీతో మాట్లాడను."

"మాట్లాడకండి. మాట్లాడకుండా పడుకోండి."

"నాన్నా, మీరైనా చెప్పండి దీనికి!"

పెద్దాయన ఇద్దరినీ చూశాడు. లేచి, ఫోను పక్కనున్న పీట మీద చొక్కాలన్నీ తీసి, కోడలు కూర్చోడానికి చోటు చేశాడు.

డ్రైవరు విసురుగా లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాజాలక్క పీట మీద కూర్చుంది. డిపో కంట్రోలరు నాలుగింటికి కుర్చీలోకి వస్తాడు. ఇంకా పావుగంట ఉంది. జ్వరమని చెప్తే సులువే. కానీ జ్వరమంటే వాళ్ళు నమ్మరు, నమ్మినా రేపు మళ్ళీ మామూలే. ఉన్నమాటే చెప్తుంది. మా ఆయన ఒంట్లో బాగానే ఉంది, రెండున్నర గంటలే నిద్రపోయాడు, మీ నలభై రెండు మందిని ఇవాళ వేరేవాళ్ళ చేతిలో పెట్టండి, మచ్చ వేసుకుంటే వేసుకోండి, ఆ మచ్చ పక్కన నా పేరు రాసుకోండి. కంట్రోలరు విసుక్కుని పెట్టేస్తే మళ్ళీ చేస్తుంది. నాలుగైందంటే చాలు, చేస్తుంది.