ఆరు వైడ్లు ఎవరివి

నా మాట ఇంతవరకు ఎవరూ చివరిదాకా వినలేదు. రూమ్‌లో చెబితే "మళ్ల గదేనా" అన్నారు. టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్ పెడితే ఒకరు బొటనవేలు గుర్తు పెట్టారు, ఇంకొకరు దాని కిందే ఆ వారం డ్యూటీ లిస్టు పెట్టారు. ఎవరెవరో నాకు గుర్తుంది. రెండేళ్లయింది. అందుకే రాస్తున్నాను. రాసిన దాన్ని మధ్యలో ఆపి మాట మార్చలేరు.

నేను గల్ఫ్‌లో, మబేలా అనే ఊళ్లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో షట్టరింగ్ పని, అంటే కాంక్రీటు పోయడానికి చెక్క అచ్చులు బిగించే పని చేస్తాను. మాది సిరిసిల్ల వైపు. శుక్రవారం సెలవు. ఆ రోజు పొద్దున్నే ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ జాగాలో, కంకర నేల మీద చాప పరిచి టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడతాం. చలికాలంలో చుట్టుపక్కల కూలీల క్యాంపులన్నీ కలిసి టోర్నమెంట్ పెట్టుకుంటాయి. ఆటగాళ్లలో సగం మంది జుమా నమాజుకు వెళ్లాలి కాబట్టి మ్యాచ్ పదకొండు లోపు ముగియాలి. అందుకని అందరం ఒక నియమం పెట్టుకున్నాం. బంతిని బ్యాటుకు అందనంత పక్కకు వేస్తే, అంటే వైడ్ వేస్తే, ఎదుటి జట్టుకు ఒక పరుగు వస్తుంది. కానీ ఆ బంతిని మళ్లీ వేయరు. అది అయిపోయినట్టే. టైమ్ మిగలాలని పెట్టుకున్న నియమం. దానితో ఒక మనిషిని ఆపవచ్చని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఫైనల్ పక్క ఊరు బర్కా తోటల్లో పనిచేసేవాళ్ల జట్టుతో. వాళ్లలో కడప ఆయన ఒకడున్నాడు. నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. వారానికి రెండుసార్లు మా సైట్‌కు నీళ్లు తెచ్చేవాడు. గేటు దగ్గర హారన్ రెండుసార్లు కొట్టేవాడు. అది నా కోసం. ట్యాంకు నిండేదాకా నీడన కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. నన్ను "ఏమబ్బా సిరిసిల్లా" అని పిలిచేవాడు. మిగతావాళ్లకు నేను "షట్టరింగ్"నే. బ్యాటు పట్టాడంటే ఆయనను ఆపేవాడు లేడు. ఆయన కొట్టిన బంతులు రోడ్డు దాటి వెళ్లి వర్క్‌షాపు రేకుల మీద పడేవి.

చివరి ఓవర్. వాళ్లు గెలవడానికి తొమ్మిది పరుగులు కావాలి. ఎదురుగా ఆయన. బంతి నా చేతిలో. మా కెప్టెన్ మా ఫోర్‌మనే. జగిత్యాల ఆయన. రేపు ఎవరు ఏ సైట్‌కు పోవాలో రాసేది కూడా ఆయనే. కీపర్‌ను బాగా పక్కకు జరిపి నిలబెట్టి, నా దగ్గరికి వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"తమ్మీ, ఆరుకు ఆరు పక్కకెయ్. ఆరే పరుగులొస్తయ్. కప్పు మనదే."

"అన్నా, గట్లెట్లనే? మంచిగుండదు."

"రూల్ల ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"మరింకేంది? గాయిన నీకేమన్న బామ్మర్దా? ఎయ్."

ఈ మాటలు విన్నది మేమిద్దరమే.

మొదటి బంతి వేశాను. చెయ్యి జారిందనుకుని ఆయన నవ్వాడు. రెండోది ఇంకా దూరం వేశాను. వికెట్లు వదిలేసి పక్కకు దూకాడు, అయినా అందలేదు. మూడోదానికి బర్కా వాళ్లు లేచారు. "క్యా మియా, డర్ గయే క్యా?" అని, భయపడ్డావా అన్నట్టు ఒకడు, "వికెట్లు ఈడుండాయి సామీ, సోహార్‌కు ఏస్తాండావే!" అని ఇంకొకడు. సోహార్ అక్కడికి రెండు గంటల దూరంలో ఉన్న ఊరు. నాలుగోది అయ్యాక ఆయనే పిచ్ మధ్యదాకా నడిచి వచ్చాడు.

"ఏమబ్బా, ఒగటన్నా నేరుగా ఎయ్యరాదా? నేను అవుటైతే నేనే వచ్చి నీకు చెయ్యిస్తా."

నేను బంతి తీసుకుని వెనక్కి నడిచాను. ఐదోది వేశాను. ఇక ఒక్క బంతి, నాలుగు పరుగులు. ఫోరు కొడితే వాళ్లే గెలుస్తారు. ఇదొక్కటి నేరుగా వేస్తానని ఫోర్‌మన్‌కు చేత్తో సైగ చేశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆరో బంతికి ట్యాంకరాయన బ్యాటు చంకలో పెట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. బంతి ఆయనకు చాలా దూరంగా పోయింది. రెండు పరుగులతో గెలిచాం.

మావాళ్లు ఫోర్‌మన్‌ను ఎత్తుకున్నారు. నాకేమీ అనిపించలేదు. సంతోషం లేదు, బాధా లేదు. వెళ్లి చాప చుట్టాను.

కప్పులిచ్చేటప్పుడు బర్కా వాళ్లు ఊరుకోలేదు. ఇదేం ఆట, ఎవరి ఆలోచన అని అడిగారు. ఫోర్‌మన్ నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు.

"నేనైతే మంచిగనే ఎయ్యుమన్న. గిదంత మావోని దిమాగే. గా తెలివికే బెస్ట్ బౌలర్ కప్పు!"

చప్పట్లు కొట్టారు. కప్పు నా చేతిలో పెట్టారు. ట్యాంకరాయన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. కప్పును చూశాడు, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అప్పుడే చెప్పవలసింది. డ్యూటీ లిస్టుకు భయపడ్డానని అనుకోవచ్చు. అదీ కాదు. నోరు లేవలేదు, అంతే.

ఆదివారం ట్యాంకర్ వచ్చింది. హారన్ కొట్టలేదు. పైపు పెట్టి ఆయన క్యాబిన్‌లోకి ఎక్కి అద్దం మూసుకున్నాడు. నేను వెళ్లి అద్దం మీద తట్టాను.

"భాయ్, గది నా ఆలోచన కాదు. మా ఫోర్‌మన్ చెప్పిండు."

అద్దం రెండు వేళ్లంత దించాడు. "కప్పు నీ చేతిలోనే ఉండె గదబ్బా." మళ్లీ ఎత్తాడు.

రెండేళ్లుగా వారానికి రెండుసార్లు అదే. ఆయన నీళ్లు పోస్తాడు, నేను మేకులు కొడతాను. కీపర్‌ను సాక్ష్యం చెప్పమంటే "నిలబడుమన్న కాడ నిలబడ్డ, నాకేం తెల్వది. గెల్సినం గద, ఇంకేం గావాలె నీకు?" అన్నాడు. ఫోర్‌మన్‌ను మూడుసార్లు అడిగాను. ఒకసారి నవ్వాడు. ఒకసారి "పని చూస్కో" అన్నాడు. సోహార్‌కు మారాక ఫోన్ చేస్తే సైట్‌లో ఉన్నానని పెట్టేశాడు. వెనక కుక్కర్ కూత వినిపించింది.

అది మోసమని నేను అనడం లేదు. నియమం ఒప్పుకున్నది. మరుసటి ఏడాది ఆ నియమం తీసేశారు, అది వేరే సంగతి. ప్లాన్ అంటారా, ప్లానే అనండి. అంత మంచి ప్లాన్ అయితే, గెలిచిన అరగంటకే దాన్ని నా మెడకు ఎందుకు తగిలించాడు?

పోయిన వారం, వెయ్యమన్నది ఫోర్‌మనేనని మళ్లీ చెప్పాను. ట్యాంకరాయన వాల్వు తిప్పుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. "నువ్వు చెప్తే నమ్మనబ్బా. ఆయప్పనే ఒగ మాట చెప్పమను. సాలు." వచ్చే నెల ఆయన వీసా క్యాన్సిల్ చేసుకుని కడపకు వెళ్లిపోతున్నాడు. ఇక రాడు.

అన్నా, ఇది నీకే. కప్పు కావాలంటే నువ్వే ఉంచుకో, సోహార్‌కు పంపిస్తాను. పక్కకు వెయ్యమన్నది నువ్వా, కాదా? నాకు చెప్పనక్కర్లేదు, ఆయనకు చెప్పు. ఆయన వెళ్లేలోపు చెప్పు. జవాబు చెప్పు.