తొమ్మిది పాటలూ కొన్నాయన

లిఫ్టులు బాగుచేసే ఆయనకు పనికిరాని వస్తువు కంటపడితే ఒళ్ళు మండుతుంది. లిఫ్టు గుంతలో పడ్డ ఒక్క బోల్టు చాలు, మనిషి ప్రాణం మీదికి తేవడానికి. ఆ భయమే అలవాటై, ఫోనును కూడా నెలనెలా ఊడ్చి పారేస్తాడు. భార్య పాడిన పాటలనూ అలాగే ఊడ్చేశాడు. కొన్న పాటలు క్లౌడులో ఉంటాయి, కావాలన్నప్పుడు దించుకోవచ్చని ధీమా. నెత్తిన శని కూర్చున్నప్పుడే మనిషికి ధీమా ఎక్కువ.

ఆవిడ తొమ్మిది పాటలు పాడి ఇంటర్నెట్లో ఒక దుకాణంలో అమ్మకానికి పెట్టింది. ఒక్కో పాటా ఒక్కసారే అమ్ముడైంది.

"ఎవరో మహానుభావుడండీ! ఒక్కటీ వదల్లేదు" అని మురిసిపోయేది.

మారుపేరుతో కొన్నది మొగుడేనని తెలిస్తే ఆ సంబరం కాస్తా నీరుగారిపోతుందని ఈయన కిక్కురుమనలేదు.

పది రోజుల కిందట ఆవిడ గొంతులో కణితితో పాటు స్వరపేటికనూ తీసేశారు. ఇప్పుడు ఇంట్లో పలక మీద బలపం గీరే చప్పుడే. ఆవిడ గొంతు ఎలా ఉండేదో ఆయనకు అప్పుడే మరుపున పడుతోంది. అదీ అసలు భయం.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని మొదటి పాట నొక్కాడు. తెర మీద చక్రం కాసేపు తిరిగి ఆగింది, పాట పేరు బూడిదరంగుకు మారింది. రెండోదీ అంతే. తొమ్మిదోదాకా అన్నీ అంతే. దుకాణం వాళ్ళకు ఫోను చేశాడు.

"అమ్మినవాళ్ళే వెనక్కి తీసేసుకున్నారండీ. ముందే ఫోనులో దించుకుని ఉంచుకుంటే ఉంటాయి. ఇక మళ్ళీ రావు" అంది ఫోనులో అమ్మాయి.

"ఎప్పుడు తీశారమ్మా?"

"పన్నెండు రోజులైంది."

అంటే ఆపరేషనుకు రెండు రోజుల ముందు. లేచి లోపలికి వెళ్ళాడు.

"దుకాణంలో పాటలు నువ్వే తీసేశావా? మళ్ళీ పెట్టెయ్యవే. అసలువి కంప్యూటర్లో ఉన్నాయిగా?"

ఆవిడ తల అడ్డంగా ఊపి, పలక ఒళ్ళోకి తీసుకుంది.

"అవీ చెరిపేశా. ఇక పాడలేనుగా. చూసినప్పుడల్లా ఏడుపొస్తోంది."

ఆయన మొహం చూసి, గబగబా తుడిచి మళ్ళీ రాసింది.

"బాధపడకండి. ఆ కొన్నాయన దగ్గర తొమ్మిదీ ఉంటాయిగా. నాకది చాలు."

రాసి, నవ్వింది కూడా.

ఆ కొన్నాయన ఖాళీ ఫోను జేబులో వేసుకుని, "అవునే, ఉంటాయి" అన్నాడు.