తొక్క ఊడని జీడిపప్పు

ఎవరికైనా దయ్యం పట్టిందంటే ముందు జ్వరం ఉందేమో చూడమనే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతే నా బుర్రకు అందలేదు.

మాది పలాస. అప్పుడు రెండు వేల ఏడో ఎనిమిదో. మా పాప హారికకు ఐదేళ్ళు, ఆయాసం ఉండేది. వానాకాలం వస్తే గోడలు చెమర్చేవి, దాని ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఏసీ పెట్టించాం. గది చల్లబడింది గానీ చెమ్మ పోలేదు. దుప్పటి కూడా తడితడిగా తగిలేది.

డాక్టరు చెబితే వైజాగ్ నుంచి డీహ్యుమిడిఫైయర్ తెచ్చి ఏసీతో పాటు నడిపాం. అది గాలిలో తేమ లాగి కింద డబ్బాలో నీళ్ళు పట్టేది. రోజుకు రెండుసార్లు పారబోసేదాన్ని. పాప హాయిగా నిద్రపోయేది.

మా అత్తకు మాత్రం ఆ మిషన్ మీద నమ్మకం లేదు. ముప్పయ్యేళ్ళు జీడి ఫ్యాక్టరీలో పప్పు తొక్క తీసిన చెయ్యి ఆవిడది. తొక్కతో ఉన్న పప్పులు నాలుగు సాసర్‌లో వేసి ఆ గదిలో పెట్టేది. రోజూ ఒకటి బొటనవేలితో నలిపేది. తొక్క జారితే గాలి పొడిగా ఉన్నట్టు, అంటుకుంటే చెమ్మ ఉన్నట్టు.

"సల్లగున్నాదని మురిసిపోకమ్మా. పప్పునడుగు, అది సెప్తాది," అనేది. నేను నవ్వేదాన్ని.

ఒక వేసవిలో ఆవిడ పోయింది. సాసర్ కడిగి గూట్లో పెట్టేశాను.

వానలు మొదలయ్యాక మూడు రోజులు వరసగా డబ్బాలో నీటిబొట్టు లేదు. మిషన్ తిరుగుతూనే ఉంది. గది అంతగా ఆరిపోయిందని సంబరపడ్డాను, నాకో పని తప్పిందని కూడా.

ఆ మధ్యాహ్నం గది తలుపు గడియ వేసి పాప పక్కన నడుం వాల్చాను. లేచేసరికి మిషన్ మీద ఆ సాసర్ ఉంది. అందులో ఒకే పప్పు. మొన దగ్గర గోటితో గీరి ఉంది. మొన నుంచి మొదలుపెట్టడం మా అత్త అలవాటు. గడియ వేసింది వేసినట్టే ఉంది.

నలిపి చూశాను. తొక్క ఊడలేదు. పాప ఛాతీకి చెవి ఆనించాను. సన్నగా కూత. మంచం జరిపితే గోడంతా నల్లటి బూజు. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు.

తర్వాత మెకానిక్ విప్పి చూస్తే, మిషన్‌లో గ్యాస్ పోయిందట, ఉత్త ఫ్యానే తిరుగుతోందట.

"మనింట్లో తొక్కపప్పు ఎక్కడున్నాదే?" అంటూ మా ఆయన వంటిల్లంతా వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

మిషన్ బాగుచేయించాక ఆ పప్పును అదే గదిలో వారం ఉంచి నలిపాను. ఒక్క రుద్దుకే తొక్క జారిపోయింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఈనాటికీ చెప్పలేను. ఆవిడ బతికుండగా ఎగతాళి చేశానే తప్ప ఒక్క మంచి మాట అనలేదు. ఆ రోజు సాసర్ ముందు కూర్చుని, "అత్తా, నా పిల్లను దక్కించావు," అని భోరున ఏడ్చాను.

ఆ సాసర్ మళ్ళీ గూట్లో పెట్టలేదు.