గాడిదకు నాన్న గొంతు

మూడేళ్లుగా ఒంటరిగా వీడియో గేమ్ తయారు చేస్తున్న ఆమె, అందులోని గాడిద కోసం నాన్న చేత ఓండ్ర పెట్టించి రికార్డు చేసుకుంది. ఆయన పోయాక సౌండ్ కట్టేసి పని చేసింది. విడుదలకు ముందురోజు తమ్ముడు ఆడి చూశాడు.

“అక్కా, నీ గాడిద లోయలో పడి చచ్చాక కూడా అరుస్తూనే ఉంది.”

“నాన్న గొంతు కదరా, ఆపమంటే ఎప్పుడు ఆగింది?”

“ఒకసారి సౌండ్ పెట్టి నువ్వే విను.”

సరిచేయాలంటే వినక తప్పదు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుంది. గాడిద తనివితీరా అరిచింది. ఆమె కత్తిరించడం మరిచిపోయిన చివరి ముక్కలో నాన్న ఆయాసపడుతూ అడిగాడు.

“చాలా తల్లీ? పక్కింటావిడ చూస్తోంది.”

ఆమె ముక్కు చీదుకుని, చచ్చిన గాడిద నోరు మూయించింది. బతికున్న గాడిద మాత్రం అరిచిన ప్రతిసారీ పక్కింటావిడ సంగతి చెబుతుంది.